గూడబాతు పిల్లకు మేనమామ

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే, అందులో అన్నిటికన్నా ఎత్తుగా కనిపించేది ఒక పక్షిపిల్లను ఎత్తుకోవడం. పడినదాన్ని లేవనెత్తడం మంచిపనే కదా అని మీరు అనవచ్చు. ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నాళ్లకు అది మళ్లీ గుర్తు రావడానికి కారణం మా అప్ప మనవరాలు (మా వైపు అక్కని అప్ప అంటాం). మొన్న విజయనగరంలో మా ఇంటికి వచ్చి, వీపు మీంచి గుమ్మంలోకి ఒక సంచీ దించింది. సంచీ ఆ పిల్ల కన్నా పొడుగు. కేరళ కాలవల్లో పడవల మీద తిరిగి, నీలగిరి అడవుల్లో ఏనుగుల్ని చూసి, ఇరవై రోజులు ఆ ఒక్క సంచీతో గడిపి వస్తోందట. "దీన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటారు తాతయ్యా, మీ కాలంలో లేదులే" అంది, జాలిగా. అంతలో సంచీ మూతి ఊడి, లోపలి తడిగుడ్డల వాసన మెల్లగా లేచి నా ముక్కు దాకా వచ్చింది. నేను ముక్కు మూసుకుని, కూర్చున్నచోటునుంచే అరవై ఏళ్లు వెనక్కి నడిచిపోయాను.

మా కాలంలో అది ఉంది. దానికి పేరే లేదు. మా బావ, అంటే ఈ పిల్లకు తాత, అప్పట్లో ఒక బడిలో డ్రిల్లు మాస్టరు, పైగా స్కౌట్ల మాస్టరు. యుద్ధకాలం నాటి సిపాయి సంచీ ఒకటి సంతలో కొన్నాడు. అది ఏ సిపాయిదో గాని, ఆ సిపాయి అందులోనే కాపురం ఉన్నాడని నా నమ్మకం. ఉతికినా, ఎండేసినా, సాంబ్రాణి పొగ పట్టినా దాని వాసన దానిదే. సెలవు దొరికితే చాలు, ఆ సంచీ వీపున కట్టుకుని ఏటి గట్లంటా, చిత్తడి నేలలంటా పిట్టల్ని చూస్తూ పోయేవాడు. పెళ్లయి ఏడాది కాలేదు. తనకింకా పిల్లలు లేరు కాబట్టి పిట్టలతో కాలక్షేపం చేస్తున్నాడని మా అప్ప నవ్వుతూ సరిపెట్టుకునేది.

నాకప్పుడు ఇరవై నాలుగు. తెలుగు మాస్టరు ఉద్యోగం కోసం అప్పటికి మూడు చోట్ల కమిటీల ముందు నిలబడి, మూడు చోట్లా నిలబడినట్టే తిరిగి వచ్చాను. నాలుగో పిలుపు టెక్కలి అవతల ఒక హైస్కూలు నుంచి వచ్చింది, సోమవారం పొద్దున్నకి. ఇదీ తప్పితే సాలూరులో లారీల ఆఫీసులో గుమాస్తాగా కూర్చోబెడతానని మా నాన్న తేల్చి చెప్పేశారు. లారీ హారన్ల మధ్య పద్యాలు చదువుకోవలసి వస్తుందని నాకు బెంగ. సరిగ్గా ఆ సమయంలో బావ వచ్చి, "బస్సులో పోయి ఏం చూస్తావురా? శుక్రవారం బయల్దేరదాం. ముఖలింగంలో దేవుణ్ణి చూసి, వంశధారలో నావ ఎక్కి, ఆ పైన నడిచి, ఆదివారానికి పక్షుల ఊరు చేరదాం. అక్కణ్ణుంచి నీ బడి ఆరు మైళ్లు. ప్రకృతిని చూసి వెళ్లిన తెలుగు మాస్టారు ఇంకెవడుంటాడు?" అన్నాడు. నాకు అది సబబుగా తోచింది. నా తెలివి మీద నాకు అనుమానం మొదలయింది ఆ ఏడాదినుంచే.

ప్రకృతిని చూద్దాం రమ్మన్నవాడు మూడు రోజులూ వికృతినే చూపించాడు. శ్రీముఖలింగంలో దర్శనం బాగానే అయింది. అక్కడితో దైవసహాయం కూడా అయిపోయింది. మాఘమాసం, ఏట్లో నీరు మోకాలికి రాదు. నావ ప్రతి పావుగంటకీ ఇసుకలో కూలబడేది. దిగి నెట్టేది మేము. మాతోబాటు నాలుగు గంపల ఎండుచేపలు, రెండు మేకలు ప్రయాణం చేశాయి. వాటిని ఎవరూ దిగి నెట్టమనలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఇంట్లో చేప వండిన రోజున వీధి అరుగు మీద మజ్జిగన్నం తిన్నవాణ్ణి. ఒక గంపకి వీపు ఆనించుకుని మూడు గంటలు కూర్చున్నాను. ఆకలేసి సంచీ విప్పితే, అందులో కిరసనాయిలు స్టవ్ ఒరిగిపోయి ఉంది. అటుకుల్లో కిరసనాయిలు, బెల్లంలో కిరసనాయిలు, నా పాత చొక్కాల్లో కిరసనాయిలు. కాగితంలో విడిగా చుట్టి పెట్టుకున్న టెరిలిన్ చొక్కా ఒక్కటే దక్కింది. అది కమిటీ ముందు వేసుకుందామని దాచుకున్నది. వేరే దారి లేక ఆదివారం పొద్దున్న దాన్నే తొడుక్కున్నాను. బావ మాత్రం కిరసనాయిలు అటుకులు నములుతూ, "కడుపులో పురుగులు చస్తాయిరా" అన్నాడు. ఆయన ఖాకీ స్కౌటు చొక్కా మూడు రోజులకూ నలగలేదు. అది చూస్తే నాకు ఒళ్లు మండింది.

పక్షుల ఊరు కంటికి కనబడక ముందే ముక్కుకి తగిలింది. ఊరి నిండా చింతచెట్లు, ప్రతి చెట్టుకూ ఎవరో నెత్తినుంచి సున్నం కుమ్మరించినట్టు తెలుపు. కొమ్మకొమ్మకీ గూళ్లు, గూటిగూటికీ గూడబాతులు, ముక్కు కింద సంచీ వేలాడేసుకుని. బావలాంటి ప్రయాణికులే అవీ, సంచీ వీపున కాక గొంతున మోస్తాయి. పైనుంచి రెట్ట వానచినుకుల్లా టపటపా రాలుతుంటే, ఆ ఊరివాళ్లు తాటాకు గొడుగులు పట్టుకుని, వాన పడుతున్నప్పుడు మాట్లాడుకున్నట్టే నింపాదిగా మాట్లాడుకుంటున్నారు. నేల మీద సగం జీర్ణమైన చేపముక్కలు, వాటి మీద ఈగలు. గాలి పీలిస్తే చేప, వదిలితే చేప. నేను నోటితో ఊపిరి తీద్దామని చూశాను. అప్పుడు వాసనకి రుచి కూడా వచ్చింది.

అంతలో నా ముందు ఏదో దబ్బున పడింది. గూడబాతు పిల్ల. కోడిపెట్టంత ఉంది. ఒంటి మీద ఈకల్లేవు, అక్కడక్కడ తడిసిన దూదిలా నూగు. ఉడకబెట్టి సగం తోలు తీసిన చామదుంపకి ముక్కు అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. "పాపం రా, ఎండలో చచ్చిపోతుంది" అన్నాడు బావ, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. ఆ చేతులు వెనక్కి ఎందుకు పోయాయో నేను ఆలోచించి ఉండవలసింది. దారి పొడుగునా నాకు జీవకారుణ్యం లేదని దెప్పుతూ వచ్చాడు కదా అని, ఉందని చూపించడానికి వంగి, దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాను.

చెట్టు కింద ఇంట్లోంచి ఒక ముసలమ్మ గొడుగు పట్టుకుని వచ్చింది. "ఓ బాబూ, దాన్ని నువ్వే ఎత్తినావేటి?"

"నేనే ఎత్తాను" అన్నాను, మెచ్చుకుంటుందనుకుని.

"అయితే నువ్వే దానికి మేనమావ. ఇయి మా ఊరి ఆడపడుసులు బాబూ, పురిటికి పుట్టింటికొచ్చినాయి. కిందపడ్డ పిల్లని నేలమీదనుంచి ఎవులెత్తితే ఆల్లే మేనమావ. మూడు దినాలు సేప పెట్టి బతికించీ. తరవాత మేం సూసుకుంటాం."

రేపు పొద్దున్న ఇంటర్వ్యూ ఉందని చెప్పాను. ఏ బడిలో అని అడిగింది. చెప్పాను. ముసలమ్మ మొహం విప్పారింది. "మా తమ్ముడు ఆ కమిటీలోనే ఉన్నాడు. రేపు తెల్లారి ఇక్కణ్ణుంచే బండి కట్టుకుని ఎల్తాడు. నిన్ను ఆపేదెవులు బాబూ, ఎల్లిపో. పిల్ల సచ్చిపోతే మాత్రం ఆడికి ఏటని సెప్పమంటావో అది సెప్పీసి ఎల్లు."

నేను బావ వైపు చూశాను. ఆయన చెట్టుకొమ్మల వైపు చూస్తున్నాడు. ఆ ఊరి ఆనవాయితీ ఆయనకు ముందే తెలుసు. మేనమామతో వచ్చినవాళ్లకి ఆ మూడు రోజులూ ఊరే భోజనం పెడుతుందని కూడా తెలుసు. మూడు రోజులు హాయిగా పిట్టల్ని చూడడానికి నన్ను పిల్ల కింద తాకట్టు పెట్టాడు.

తరవాతి రెండు గంటల గురించి వివరంగా రాయను, మీరు భోజనం చేసి ఉండవచ్చు. ముసలమ్మ కోడలు చట్టినిండా చిన్నచేపలు తెచ్చింది. వాటిని నీళ్లలో నానబెట్టి, వేళ్లతో పిసికి, ముద్ద చేసి, గుప్పిట్లో పట్టుకోవాలి. పిల్ల దాని ముక్కుని నా గుప్పిట్లోకి మణికట్టు దాకా పొడిచి, తలంతా దూర్చి తింటుంది. తిన్నాక బెదురుతుంది. బెదిరితే కక్కుతుంది. కక్కింది, నా టెరిలిన్ చొక్కా మీద. ఆ పైన తప్పు తెలుసుకున్నట్టు, చొక్కా మీదనుంచే మళ్లీ తినడం మొదలుపెట్టింది. పది అడుగుల దూరంలో పందిరి కింద బావ ఆకు ముందు కూర్చుని, వేడన్నంలో ఉలవచారు పోసుకుంటూ, ఆడవాళ్లకు గూడబాతుల గొప్పతనం చెబుతున్నాడు. "ముక్కు మూసుకోకురా, అది నొచ్చుకుంటుంది" అని నాకు సలహా కూడా విసిరాడు.

అప్పుడే వడ్డిస్తున్న కోడలు యథాలాపంగా అడిగింది, "ఆ బాబు నీకేటవుతాడు?"

"మా ఆవిడ తమ్ముడు. ఒక్కగానొక్క అప్పకి ఒక్కగానొక్క తమ్ముడు" అన్నాడు బావ, నోటినిండా అన్నంతో.

నాకు పొద్దుటినుంచీ పని చెయ్యని బుర్ర ఆ క్షణాన పని చేసింది. పిల్లని చంకన పెట్టుకుని లేచి, ముసలమ్మ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, మేనమామ అంటే తల్లికి తోడబుట్టినవాడే కదా?"

"మరేటి."

"నాకున్న తోబుట్టువు ఒక్కత్తే. ఆవిడ మగడు అదిగో, ఉలవచారు పోసుకుంటున్నాడు."

పందిరి కింద కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కింటి గోడ మీదనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. వేళ్ల మీద వరస సరిచూసుకుని, "నిజమే కదే. అయ్య కళ్లెదుట కూకుని బువ్వ తింతన్నాడు. మనం మావని పట్టుకుని సంపుతన్నాం" అంది.

"ఒరే, వేళాకోళానికి హద్దుండాలిరా" అన్నాడు బావ.

"వేలాకోలమేటి బాబూ, సెయ్యి కడుక్కుని రా. బిడ్డకి ఆకలేస్తన్నాది" అంది ముసలమ్మ.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చాడు. రాకపోతే ఆ ఊరు ఇంకెప్పుడూ ఆయన్ని చెట్ల కిందికి రానివ్వదని ఆయనకే బాగా తెలుసు. పిల్లని ఒళ్లో పెట్టి, ఆ ఖాకీ చొక్కా ఇటివ్వమన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకి ఆ పిల్ల కూడా బెదిరింది. "ఇచ్చీ బాబూ, మేనమావకి బట్ట పెట్టడం మంచిదే" అంది ముసలమ్మ. నూతి దగ్గర నాలుగు చేదల నీళ్లు పోసుకుని, ఆ చొక్కా తొడుక్కున్నాను. తెల్లారి ఆవిడ తమ్ముడి బండిలోనే బడికి వెళ్లాను. కమిటీలో ఒకాయన ప్రకృతికీ వికృతికీ ఉదాహరణలు చెప్పమన్నాడు. నా గోళ్ల సందుల్లోకి చూసుకుంటూ గడగడా చెప్పాను. ఖాకీ చొక్కా చూసి డ్రిల్లు కూడా చెబుతావా అన్నారు, చెబుతానన్నాను. ముప్పై రెండేళ్లు చెప్పాను కూడా.

బావ నాలుగో రోజున ఇల్లు చేరాడు. మా అప్ప గుమ్మం దాటనివ్వక, పెరట్లో నిలబెట్టి కుంకుడుకాయ రసం కుమ్మరించింది. ఆయన అంత కంపులోనూ మెల్లగా అన్నాడట, "చివరికి నా చేతిలోంచి తప్ప తినలేదే." ఆ మరుసటి ఏడు వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. బారసాలలో పెద్దలు తొలిచూలా అని అడిగితే, నేను అందరిముందూ "మలిచూలు" అన్నాను. పెద్దకూతురు ఏదని అడిగారు. ఎగిరిపోయిందన్నాను. నా పగ అంత చిన్నది. అప్పటినుంచీ ప్రతి శుభకార్యంలోనూ తీర్చుకుంటూనే ఉన్నాను.

మొన్న ఆ మనవరాలికి కూడా చెప్పాను, మీ అమ్మకి ఒక అక్క ఉండేదే, ముక్కు కొంచెం పొడుగు అని. మనవరాల్ని చూద్దామని మా ఇంటికి వచ్చి కుర్చీలో కునుకుతున్న బావ, తొంభైకి దగ్గరపడినవాడు, కళ్లు తెరవకుండానే "మొదలెట్టావా" అన్నాడు. ఆ పిల్ల సంచీ నేనే తీసుకెళ్లి ఎండలో వేశాను. ఈ అరవై ఏళ్లలో టెరిలిన్ చొక్కా పోయింది, ఉద్యోగం అయిపోయింది, కళ్లూ చెవులూ సగం సెలవు పుచ్చుకున్నాయి. అద్దం కూడా నన్ను ఇంకెవరో అనుకుంటోంది. ఆ వాసన ఒక్కటే ఎక్కడ ఎదురుపడినా, ఇరవై నాలుగేళ్ల కుర్రాడిగా నన్ను ఇంకా గుర్తుపడుతుంది.