నలుపు తెలుపులో వంకాయ

రోజూ ఎదురుపడే మనిషి కళ్లలోకి చూడలేకపోవడం ఎంత బరువో మీకు తెలుసా? నేను ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. రూములో చెప్తే తంతారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను.

సౌదీలోని రాస్ తనూరాలో మాది కాంట్రాక్టు కంపెనీ క్యాంపు. మా రూములో ఇంగ్లిషు వచ్చింది నాకొక్కడికే అని అందరి నమ్మకం. నేను ఇంటర్ తప్పిన సంగతి ఎవరికీ తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం తిన్నాక లాప్‌టాప్‌లో ఇంగ్లిషు సినిమా పెడతారు, నేను పక్కన కూర్చుని తెలుగులో కథ చెప్తాను. అర్థమైంది చెప్తాను, కానిది కల్పిస్తాను. అంతవరకు తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వారం పెట్టింది పాత అమెరికా బాక్సింగ్ సినిమా. నలుపు తెలుపు. పెద్ద పోటీకి ముందు బాక్సర్ కత్తితో కోసుకుని ఏదో తింటున్నాడు. నల్లగా, ఇంత మందాన. మాంసమే, అనుమానం లేదు.

పైపు ఫిట్టర్ మల్లేశ్ ముందుకు వంగాడు. జగిత్యాల దగ్గరివాడు. పక్క క్యాంపు పాకిస్తానీలతో ఏటా జరిగే కబడ్డీలో మా తరఫున కూతకు పోయేది అతనే. అంతకుముందు ఏడు వాళ్ల పహిల్వాన్ అతన్ని ఎత్తి గీత బయట పడేస్తే, ఆ వీడియో ఊరికి చేరింది. "నాయినా, నువ్వెందుకు పడ్డవ్?" అని కూతురు ఫోన్లో అడిగిందట. ఈసారి గెలవాలి. అతనికి ఇంకో ధ్యాస లేదు.

"గదేందన్నా తింటుండు?" అని నన్నడిగాడు.

మా శుక్రవారం మటన్‌లో మూలుగుండే నల్లిబొక్క ఎప్పుడూ మల్లేశ్‌దే. వండేది అతనే కదా. నాకదెంత మంటో! నోరు దానంతటదే తెరుచుకుంది.

"వంకాయ. కాల్చిన వంకాయ. ముక్క ముడితే దమ్ము నిలువదంటుండు ఆయన ఉస్తాద్."

సినిమాకు రంగులుంటే అక్కడే దొరికిపోయేవాణ్ని.

ఇక పోటీ దాకా మల్లేశ్‌కు వంకాయే. మాకు మటన్ వండి పెట్టి, తను పక్కన కూర్చుని కాల్చిన వంకాయ తినేవాడు. నా వంతుకొచ్చిన నల్లిబొక్క జుర్రుతుంటే నాకేమనిపించేది? నిజం చెప్పమంటారా? కమ్మగా ఉండేది. ఛీ, ఏం జన్మ నాది!

పోటీలో చివరి కూత. మల్లేశ్ పహిల్వాన్‌ను ముట్టేశాడు. మేమంతా లేచి అరుస్తున్నాం. మధ్య గీత చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. సరిగ్గా అక్కడ అతని కూత తెగింది. ఓడిపోయాం. ముక్క తినుంటే దమ్ము నిలిచేదా? ఏమో. నిలిచేది కాదని నన్ను నేను నమ్మించుకోవాలని ఎంత చూసినా కుదరలేదు.

అతను నన్ను వంటగది వెనక్కి తీసుకుపోయాడు. కళ్ల నిండా నీళ్లు.

"అన్నా, తప్పు నాదే. బక్రీద్ నాడు మన క్యాంపు డ్రైవర్ సాబ్ ఇచ్చిన బిర్యానీల ఒక్క ముక్క తిన్న. గందుకే దమ్ము తెగింది. ఎవ్వలకు చెప్పకన్నా."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. తంతాడని భయమా, నల్లిబొక్క పోతుందనా? రెండూ. అతని భుజం మీద చెయ్యి వేసి, "పోనీ తియ్ తమ్మీ. ఇంకోపారి గట్ల చెయ్యకు" అన్నాను.

క్షమించాను! నేను! అతను నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

ఏటా పోటీ దగ్గర పడగానే మళ్లీ వంకాయ మొదలుపెడతాడు. ఈ ఏడు గుడ్డు కూడా మానేశాడు. ఆ బిర్యానీ ముక్క సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. అతని విషయంలో నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే. ఇవాళ అదీ తప్పాను. నాది చెప్పాలంటే అతనిదీ చెప్పక తప్పలేదు. అతనితో చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. మీతో చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది.