అత్తమ్మ సీసాలో ఎర్ర ఫైటరు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళుంటాయేమో, మా ఇంట్లో తెలివి అంటే రంగులు కలపడమే. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు మాది. ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో మా పిల్లలకు నడకకంటే ముందే వస్తుందని మా నాన్న గొప్పలు పోయేవాడు. ఆ గొప్పే నన్ను ముంచింది. అదీ చేపలు కొనే దగ్గర!

నాన్న ఎక్కడి నుంచో ఒక పాత గాజుతొట్టి తెచ్చి ఇచ్చాడు. అందులో రెండు గప్పీ చేపలు. మగదానికి ఎర్రని తోక, ఆడది వట్టి బూడిద రంగు. ఆ ఆడదాని పొట్ట రోజురోజుకూ ఉబ్బుతోంది. గప్పీ గుడ్లు పెట్టదనీ, పిల్లలనే కంటుందనీ దుకాణం ఆయన చెప్పాడు. నేను నమ్మలేదు. పిల్లలను కనడానికి అదేమన్నా మేకా? ఆ వింత కళ్ళారా చూసి తీరాలని బడి వదలగానే తొట్టి ముందు కూర్చునేదాన్ని. అన్నం కూడా అక్కడే తినేదాన్ని. "చేపకు కాన్పయ్యేలోపట నీ చదువు చట్టుబండలైతది" అని మా అమ్మ విసుక్కునేది.

మా మేనత్త కూడా మాతోనే ఉండేది. పెళ్ళయిన రెండేళ్ళకే అత్తగారింటి నుంచి తిరిగి వచ్చి, పెరట్లో నూలుకు రంగు వేసే పనంతా తన మీద వేసుకుంది. ఒకరోజు ఆమె చేతులు నీలంగా ఉంటే మరునాడు ఎర్రగా ఉండేవి. ఆమెకు ఎవరితోనూ పొసగదని, నోరు పెద్దదని వాడకట్టు ఆడవాళ్ళు చాటుగా అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. నన్ను మాత్రం ఆమె ఏనాడూ కసురుకోలేదు.

ఒక ఆదివారం దుకాణంలో ఫైటరు చేపను చూశాను. అబ్బ, ఏం ఎరుపది! మా మగ గప్పీ తోక, దీని రెక్కలు ఒకే కండె నూలులా ఉన్నాయి. ఇక ఆలోచించేదేముంది? నా పొందిక చూసి నేనే మురిసిపోతూ, నీళ్ళ సంచిలో చేపను పట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

నేను సంచి విప్పబోతుంటే అత్తమ్మ ఆపింది. "జర ఆగు బిడ్డా. రంగు దిగుతదో లేదో చూడకుంటనే నూలును మగ్గమెక్కిస్తమా?"

మా ఇంట్లో కొత్తగా రంగు వేసిన పోగును తడిపి, తెల్లపోగుతో పెనవేసి ఒక రోజు ఆరబెట్టేవాళ్ళు. తెల్లదానికి మరక అంటితే ఆ రంగునూలు మగ్గం దాకా పోదు. అత్తమ్మ చేపకూ ఆ పరీక్షే పెట్టింది. ఫైటరును పెద్ద పచ్చడి సీసాలోకి మార్చి, సీసాను తొట్టి నీళ్ళలో నిలబెట్టింది. మూతి మాత్రం నీళ్ళకు పైన ఉంది. రేపటిదాకా చూడమని చెప్పి రంగు పనికి వెళ్ళింది.

గప్పీ తోక కనబడగానే ఫైటరు మొప్పలు విప్పి, రెక్కలు నిక్కించి గాజును పొడవడం మొదలుపెట్టింది. చూడముచ్చటగా ఉందనుకున్నాను, ఎంత తెలివితక్కువదాన్నో! గంట గడిచేసరికి అది అలిసి ఊరుకుంది. స్నేహం కుదిరిందని నాకు నేనే తీర్పు చెప్పుకుని సీసాను వంచేశాను.

రెప్పపాటులో మగ గప్పీ తోక చీలికలైంది. పొట్టతో ఉన్న ఆడది మూలకు పోయి వణుకుతోంది. నేను పెట్టిన కేకకు అత్తమ్మ ఉరికి వచ్చింది. వచ్చింది గానీ, మోచేతుల దాకా పచ్చి నీలిరంగు. ఆ చేతులు తొట్టిలో పెడితే చేపలన్నిటికీ విషమే.

"నేను ముట్టద్దు. నువ్వే పట్టాలె. చాయ్ జాలి తీసుకో. ఏడ్వకు, ఏడిస్తె కండ్లు కనవడవు!"

ఆమె నీలిచేతులు గాలిలో ఎత్తిపట్టుకుని దారి చెబుతుంటే, నేను చాయ్ వడకట్టే ఆ జాలితో మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఫైటరును పట్టి సీసాలో వేశాను.

"ఇది చెడ్డ చేప, వాపస్ ఇచ్చేద్దాం అత్తమ్మా" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"చెడ్డది గాదే. ఆ ఎర్రతోక జూసి తనసొంటి ఇంకో మగది మీదికొచ్చిందనుకున్నది. ఒక్కతీరుగున్నందుకే కొట్లాట. కలువని కాడ పెట్టింది మనం, తప్పు దానిదెట్లయితది?"

మరునాడు నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. ఇంకో రెండు చేపలైనా కొనాలని నా పోరు. ఆమె ఒక్కొక్క తొట్టి ముందు నిలబడి దుకాణం ఆయన ప్రాణం తోడేసింది. ఇది ఎంత పెద్దగైతది? నోట్ల పట్టిన చేపనల్లా మింగుతదా? ఒంటిగ ఉంటదా, గుంపు కావాల్నా? చల్లని నీళ్ళు కావాల్నా, గోరువెచ్చనియా? నేను ముచ్చటపడ్డ గోల్డ్‌ఫిష్ అలాగే పోయింది. అది పెరిగి పెద్దదవుతుందట, దానికి చల్లని నీళ్ళు నచ్చుతాయట, రేపు గప్పీ పిల్లలు పుడితే వాటిని మింగేస్తుందట. చివరికి సాధువుల్లాంటి రెండు ప్లాటీలు, పిల్లలు దాక్కోవడానికి ఇంత నాచు తీసుకున్నాం.

"చేపను కొంటానవా అక్కా, పిల్లనిస్తానవా?" అని నవ్వాడాయన.

అత్తమ్మా నవ్వింది. "నన్నిచ్చేటప్పుడు ఎవ్వలూ అడుగలే. చేపలకన్న అడుగనియ్యి."

వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. నాకేం తెలుసు!

వారం తిరక్కముందే ఆడ గప్పీ కన్నది. ఆవగింజలంత కళ్ళతో పిల్లలు ఒక్కొక్కటిగా జారిపడి, పడగానే ఈదుకుంటూ నాచులోకి దూరుతుంటే నేను ఊపిరి బిగబట్టి చూశాను. మగదాని తోక కూడా మెల్లగా మళ్ళీ పెరిగింది. ఫైటరును అత్తమ్మ తన గది కిటికీలో, వెడల్పు సీసాలో పెట్టుకుంది. కొట్లాడే తోడు లేకపోయేసరికి అది రెక్కలు పరుచుకుని ఎంత నెమ్మదిగా తిరిగేదో! పొద్దున్నే దానికి మేత వేస్తూ అత్తమ్మ ఏదో పాట కూనిరాగం తీసేది.

మొన్న మా మనవడు కొత్త తొట్టి కొని, ఏ చేపకు ఏది పడుతుందో ఫోనులో పట్టిక చూపించాడు. అత్తమ్మ అడిగినవన్నీ అందులో ఉన్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకేడుస్తున్నావని వాడు ఒకటే అడగడం.

ఇంట్లోనైనా బయటైనా ఇద్దరికి పొసగలేదంటే, తప్పెవరిదని నేను ఇవాళ్టికీ అడగను. ఎవరు ఎక్కడ పెట్టారని అడుగుతాను. అత్తమ్మ మళ్ళీ అత్తగారింటికి ఎందుకు పోలేదని ఆమె బతికున్నన్నాళ్ళూ వాడకట్టంతా అడుగుతూనే ఉంది. నేను మాత్రం ఒక్కసారీ అడగలేదు.