కల్లంలో చదివిన పాటలు

మిరప కల్లంలో చేతులకూ కళ్లకూ తీరిక ఉండదు. చెవులు మాత్రం ఖాళీగా ఉంటాయి. ఎండిన కాయల రాశి చుట్టూ కూర్చుని, తెల్లబోయిన తాలుకాయలు ఏరి ఒక పక్కకు, మంచి కాయలు మరో పక్కకు వెయ్యాలి. అందుకని మా కూలీల ముఠాలో ఫోన్ మధ్యలో పెట్టుకుని సినిమాలు వింటాం. స్టీలు గిన్నెలో పెడితే శబ్దం గట్టిగా వస్తుంది. ఆ ఏడాది ఫోన్ తెచ్చేది మా వీధి చివరింటి కొత్త కోడలు. ఒకరోజు ఆ పిల్ల పరాయి దేశం సినిమా ఒకటి పెట్టింది. మాటలు తెలుగులో ఉన్నాయి. పాటలు మాత్రం వాళ్ల భాషలోనే వదిలేసి, కింద తెలుగు అక్షరాలు వేశారు.

ఆ పిల్ల చదవబోయింది గానీ కల్లానికి కొత్త కదా, ఘాటుకు నోరు తెరిస్తే దగ్గే.

"నువ్వు చదువు, వదినా. చర్చిలో బైబిలు చదూతావుగా," అంది మా ముఠా మేస్త్రి. ఆవిడనందరం మేస్త్రి వదిన అంటాం.

నేను యాభైకి దగ్గరపడ్డాక పాస్టరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. వేలు పెట్టుకుని చదువుతాను. మా ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా అందరి కోసం చదివినా, కథ చెప్పినా, వాళ్ల పని వెనకబడకుండా తలా ఒక గుప్పెడు వాళ్ల గంపలో వేస్తారు. ఒకసారి గంపలో కాయలు పడ్డాయంటే ఇక కాదనడానికి లేదు. ఫోన్ ముందు కూర్చున్నాను.

ఆ సినిమాలో ఒక దొంగల నాయకుడు. ఓడరేవులో దొంగసరుకు దించుతాడు, అడ్డొచ్చినవాళ్లను చంపిస్తాడు. అంతటివాడు చిన్నప్పటి నుంచీ తను ఆడమనిషినేనని లోలోపల కుమిలిపోతుంటాడు. చివరికి అన్నీ వదిలేసి, ఆపరేషను చేయించుకుని, ఆడమనిషిగా ఇంకో ఊళ్లో బతుకుతుంది. అద్దం ముందు నిలబడి పాడే పాటలో, నా ఒంట్లో నేనే అద్దెకున్నట్టు బతికాను అని అక్షరాలు వచ్చాయి. ఆ ముక్క చదివి ఆగిపోయాను.

"ఘాటు తగిలిందా? నీళ్లు తాగు," అంది మేస్త్రి వదిన.

ఘాటు కాదు. మా పెద్దది పుట్టినప్పుడు మగపిల్లాడని చెప్పారు. ఇప్పుడు హైదరాబాదులో చీరలు, లంగావోణీలు కట్టుకుంటూ, బట్టలు కుట్టే చోట పని చేస్తోంది. నాకు తెలుసు, పాస్టరమ్మకు తెలుసు. ఊరికి మాత్రం అది ఇంకా మా పెద్దబ్బాయే.

"హత్యలు చేసినోడు చీర కట్టుకుంటే పాపం పోద్దంటా?" అంది మేస్త్రి వదిన.

"పోదులే గానీ, ఆ ఏడుపు వింటంటే జాలేస్తంది," అంది నా పక్కన కూర్చున్నావిడ.

"జాలేస్తే తీసుకెళ్లి నీ ఇంట్లో పెట్టుకో."

"మా ఆయన్ని పెట్టుకోలేకే చస్తన్నా, తల్లీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఇంకెవరో అలాంటివాళ్లను ఊళ్లో పిలిచే మాటతో పిలిచారు. ఆ మాట నేనిక్కడ రాయను. సినిమా అయిపోయేదాకా నా గంపలో గుప్పెళ్లు పడుతూనే ఉన్నాయి, నేను చదువుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం అన్నాల వేళ పక్కకు వెళ్లి మా పెద్దదానికి ఫోన్ చేశాను. ఆ సినిమా తనూ చూసిందట.

"మా వాళ్లలోనే గొడవలమ్మా దాని గురించి. కొందరు ఏడ్చారు. కొందరేమో మళ్లీ మమ్మల్ని హంతకులుగానే చూపించారని తిట్టారు. ఒకే గదిలో ఉండేవాళ్లు మాటలు మానేశారు."

"నీకెట్టా ఉంది?"

"పాటలు బాగున్నాయి. మా చేతిలో కత్తి పెట్టకపోతే మా కథ ఎవరూ చూడరా అనిపించింది. సరేగానీ, ఆదివారం నాన్న జ్ఞాపకార్థ కూడికకి వస్తున్నా. చీరలోనే."

రావద్దని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను.

గురువారం మేస్త్రి వదిన ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. చీకటి రోడ్డు మీద, మొహానికి గుడ్డ చుట్టుకున్న ఆడమనిషి ఒక పసిపిల్లను కారులోకి ఎక్కిస్తోంది. పైన ఎవరిదో మగగొంతు. ఆడవేషం కట్టిన ముఠా మన జిల్లాలో దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, కనపడితే వదలొద్దు, అని. మేస్త్రి వదిన మనవరాలిని ఆ రోజు బడికే పంపలేదు.

నాకు వీడియోలోని పసిపిల్ల వేసుకున్న పసుపు గౌను గుర్తుంది. అది మేం విన్న సినిమాలోదే. మా ముఠాలో అందరూ కాయల మీద తలలు వంచుకుని ఆ సినిమాను విన్నారు గానీ చూడలేదు. చదవడం కోసం బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నది నేనొక్కదాన్నే.

"వదినా, ఇది మన సినిమాలో ముక్క," అన్నాను. కొత్త కోడలు మళ్లీ పెట్టి వెతికింది. అదే గౌను, అదే కారు.

"ఓర్నీ! దీనికోసమా మా వాళ్లు కర్రలట్టుకుని సెంటర్లో కూర్చుంది?" అని మేస్త్రి వదిన నవ్వింది. "నేను చెప్తే వింటారా? రాత్రి వాళ్ల గ్రూపులో ఇలాంటియి ఇంకో నాలుగొచ్చినయ్."

కర్రల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.  బస్సు దిగేది సెంటర్లోనే. మా పెద్దది పొడగరి, భుజాలు వాళ్ల నాన్నవి. ఇక దాచి లాభం లేదనిపించింది. ఆదివారం ఎవరొస్తున్నారో, ఎలా వస్తున్నారో చెప్పేశాను.

 కొత్త కోడలు గిన్నెలో ఫోన్ ఆపేసింది. మేస్త్రి వదిన నా మొహంలోకి చూడకుండా చేతిలో కాయలు ఏరుతూనే ఉంది.

"బస్సు ఎన్నింటికి దిగుద్ది?" అంది చివరికి.

ఎందుకు అడిగిందో నాకు తెలియలేదు. ఆమె కొడుకు కూడా ఆ కర్రలవాళ్లలో ఉన్నాడు. అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ అడిగితే, హైదరాబాదు రైలు దిగి ఎక్కే చీరాల బస్సుల వేళలన్నీ చెప్పగల మనిషి ఆమె. తొమ్మిదింటికి అన్నాను.

ఇంటికి వెళ్లి మా పెద్దదానికి ఫోన్ చేసి, కర్రల సంగతి చెప్పి రావద్దన్నాను.

"మా నాన్న కూడికకి రాకుండా నేను దొంగలా దాక్కోవాలా అమ్మా?" అని పెట్టేసింది.

ఆదివారం నేను వెళ్లేసరికే మా ముఠా ఆడవాళ్లు సెంటర్లో ఉన్నారు. కల్లానికి వెళ్లేటప్పటిలాగే మొహాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. కళ్లు తప్ప ఏమీ కనిపించడంలేదు. ఎదురుగా టీకొట్టు దగ్గర మగవాళ్లు, గోడకు ఆనించిన కర్రలు. ఈ ఆడవాళ్లు ఎవరి వైపు వచ్చారో ఆ కళ్లలో ఎంత వెతికినా నాకు దొరకలేదు. కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను.

బస్సు వచ్చింది. ఆకుపచ్చ చీరలో మా పెద్దది దిగింది. టీకొట్టు దగ్గర ఒకడు లేచి, ఫోన్ పైకెత్తి, ఆ తెరనూ దీని మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

మేస్త్రి వదిన తువ్వాలు కిందికి లాగింది. "ఏరా, ఏం చూస్తన్నావ్? మా వదిన కూతురు. కూడికకొచ్చింది. నీ టీ నువ్వు తాగు," అని అరిచి, వెంటనే చర్చిలో పాడే పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు. మా ఇద్దరినీ మధ్యలో పెట్టుకుని, కూడిక గుంపులాగా నడవడం మొదలుపెట్టారు.

 మా పెద్దది పాడబోతుంటే చెయ్యి గట్టిగా నొక్కాను. దాని గొంతు మారలేదు, బరువైన మగగొంతు. అది నా చెయ్యి విడిపించుకోలేదు, పాట కూడా ఆపలేదు. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్న పాట కదా. ఆ గొంతుకు టీకొట్టు దగ్గర తలలన్నీ తిరిగాయి. ఎవరో బెంచీ జరిపిన చప్పుడు వినిపించింది. నేను వెనక్కి చూడలేదు. మేస్త్రి వదిన ఇంకా గట్టిగా అందుకుంది.

ఎవరూ మా వెంట రాలేదు. మా ఇంట్లోకి వెళ్లగానే నేను తలుపు గడియ పెట్టేశాను. బయట గుమ్మం దగ్గర ఆడవాళ్లు ఇంకా పాడుతున్నారు. కూడికకు రావలసినవాళ్లు బయటే ఉండిపోయారని అప్పుడు గుర్తొచ్చింది. గడియ తీశాను. మళ్లీ వెయ్యాలని చెయ్యి గుంజుతుంటే, ఆ చేత్తోనే తలుపు బార్లా తెరిచి పట్టుకుని నిలబడ్డాను.