భ్రమరాంబ గారి డెన్సిటోమీటర్

ఈ ఉదయం ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే వేళ్లకు హైపో వాసన కొట్టింది. నిన్న ఆ మందులో ఫోటోలు కడిగాక సబ్బుతో ఒకటికి రెండుసార్లు రుద్దుకున్నాను. అయినా అది అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఎదురుగా కూర్చున్న మా ఆయన ముక్కు చిట్లించాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ వాసన వస్తే చాలు, భ్రమరాంబ గారు నా భుజం పక్కన నిలబడి "కానీ, కానీ, చెయ్యి ఆడించు" అంటున్నట్టే ఉంటుంది. అంతలో ఫోన్ మోగింది. విజయవాడలో ఫిలిం కెమెరాల పిచ్చి కొత్తగా పట్టిన ఒకబ్బాయి. ఇంట్లోనే డార్క్ రూమ్ పెట్టుకుంటున్నాడట. "మేడం, ఏ డెన్సిటోమీటర్ కొనమంటారు?" అన్నాడు. "ఇడ్లీ తింటూ చెప్పే సంగతి కాదు బాబూ, సాయంత్రం చెయ్యి" అని పెట్టేశాను. అప్పటినుంచి ఆవిడే బుర్రలో తిరుగుతున్నారు.

మీరు ఆవిణ్ణి చూడలేదు కాబట్టి చెబుతాను. తిరువూరు బజారులో వాళ్లది నూనెల కొట్టు. కింద కొట్టు, పైన ఫోటో స్టూడియో. కొట్టు మరుదులు చూసుకునేవారు, స్టూడియో భర్తది. ఆయన ఫోటోలు తీస్తే, చీకటి గదిలో వాటిని కడిగి కాగితం మీదికి ఎక్కించే పని ఈవిడది. ఆయన పోయాక రెండు పనులూ నెత్తిన వేసుకున్నారు. నేను పెనుగొలను నుంచి రోజూ వచ్చి, ఆ స్టూడియోలో కంప్యూటర్ మీద పెళ్లి ఆల్బమ్‌లు చేసేదాన్ని. చేరిన మొదటి రోజే "ఆ పెట్టె ముందు కూర్చుంటే ఫోటో రాదే అమ్మాయ్. రా, ఫోటో అంటే ఏంటో చూపిస్తా" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లారు. ఎర్ర దీపం కింద, పళ్లెంలోని మందు నీళ్లలో, తెల్ల కాగితం మీద ఎవరిదో మొహం మెల్లగా తేలి వచ్చింది. నోరు తెరుచుకుని ఉండిపోయాను. "మూసుకో, ఈగలు దూరతాయి" అన్నారు. ఆ తర్వాత ఆల్బమ్‌లు తొందరగా ముగించుకుని ఆ గదిలో దూరడమే నా పనైపోయింది.

ఈ రోజుల్లో ఇంకా ఫిలిమేంటి అంటారేమో. తాతల నాటి నెగటివ్‌లు పట్టుకుని, అసలైన కాగితం మీద కావాలని వచ్చేవాళ్లు ఉండేవారు. హైదరాబాదు నుంచి కొరియర్‌లో పంపేవాళ్లూ ఉండేవారు. ఆవిడ చేతికి అంత పేరు. నెగటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని ఒక్క చూపు చూసి, దీని గుండా కాగితం మీద ఇంతసేపు వెలుగు పడాలి అనేవారు. అచ్చం అలాగే వచ్చేది. చివరికి ఆ చూపే మసకబారింది. శుక్లాలు తీయించినా లాభం లేకపోయింది. లోపలి నరం దెబ్బతిందనీ, ఉన్న చూపు కాపాడుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆవిడ నాతో కూడా అనలేదు. నెమలి అనే ఊరి నుంచి ఒకాయన తన అమ్మానాన్నల పెళ్లి నెగటివ్ తెచ్చిన రోజున బయటపడింది. ప్రింటు నీళ్లలోంచి తీసి నా చేతిలో పెట్టి "ఎలా ఉంది?" అన్నారు. పెళ్లికొడుకు నల్లకోటు, జుట్టు, వెనక గోడ అన్నీ కలిసి ఒకటే నలుపు. 

"మాట్లాడవేంటే శైలా? పాడైందా?"

"కొంచెం నల్లబడింది పిన్నిగారూ."

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకున్నారు. "జనం అమ్మానాన్నల మొహాలు తెచ్చి నా చేతిలో పెడుతున్నారు. వాటికి మసి పూసి తిరిగివ్వలేను. ఇంకొక్కటి ఇలా అయితే ఈ గదికి తాళమే" అన్నారు. గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. అందుకే నాకు భయం వేసింది. అన్నంత పనీ చేసే మనిషి. ఆ గది లేకుండా ఆవిణ్ణి ఊహించుకోలేకపోయాను. నిజం చెప్పొద్దూ, నన్ను కూడా ఊహించుకోలేకపోయాను.

డెన్సిటోమీటర్ మాట ఎత్తింది నేనే. పాల కేంద్రంలో లాక్టోమీటర్ పాల సంగతి చెప్పినట్టు, ఇది ఫిలిం చిక్కదనం చెబుతుంది. కింద నుంచి సన్నటి వెలుగు పంపి, ఫిలిం దాటి ఎంత పైకి వచ్చిందో చూసి ఒక అంకె చూపిస్తుంది. నెగటివ్‌లో తెల్లనివన్నీ చిక్కగా, నల్లనివన్నీ పలచగా ఉంటాయి. అంకె పెరిగితే వెలుగు ఎక్కువసేపు ఇవ్వాలి. అంతే లెక్క. ఆవిడ మూతి తిప్పారు. "నా కన్ను చెప్పలేనిది డబ్బా చెబుతుందా?" అన్నారు. రెండు రోజులు పోయాక, ఏమీ ఎరగనట్టు, "ఎక్కడ దొరుకుతుందే ఆ డబ్బా?" అని ఆవిడే అడిగారు.

ఇద్దరం బస్సెక్కి విజయవాడ వెళ్లాం. పాత యంత్రాలు అమ్మే కొట్టులో మూడు ఉన్నాయి. కొట్టతను తళతళలాడేదాన్ని ముందుకు జరిపాడు. ఎక్స్‌రే ఫిలిం కొలిచేదట. "ఇది తీసుకోండమ్మగారూ, ఫారిన్‌దండి" అన్నాడు.

"ముందు ఖాళీ కాటా చూపించు" అన్నారు ఆవిడ.

అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వాళ్ల కొట్టులో వేరుశనగపప్పు తూచినా, నూనె తూచినా, ఏమీ పెట్టని కాటా సున్నా చూపిస్తోందని కొనేవాడికి చూపించాకే తూస్తారు. ఫిలిం పెట్టకుండా, వెలుగు కొలిచే దాని చెయ్యి కిందికి దించాను. అంకె సున్నా దగ్గర నిలబడక అటూ ఇటూ ఊగింది. "ఖాళీగా ఉన్నప్పుడే అబద్ధం చెబుతోంది, పెడితే ఇంకేం చెబుతుంది?" అని పక్కకు నెట్టేశారు. రెండోది అరచేతిలో పట్టేంత బుల్లిది, సున్నా బాగానే నిలిచింది. కానీ అది ప్రెస్సుల వాళ్లది, కాగితం మీద అచ్చయినదాన్నే కొలుస్తుంది. "ప్రింటయ్యాక నల్లబడిందని చెప్పడానికి డబ్బా ఎందుకు? మా శైల మొహం చాలు" అన్నారు. మూసేసిన కలర్ ల్యాబ్ నుంచి వచ్చిన మూడోది కుట్టు మిషన్ అంత ఉంది, రంగు పెచ్చులు లేచింది. ఫిలిమూ కొలుస్తుంది, కాగితమూ కొలుస్తుంది. ఆవిడ సంచిలోంచి నెగటివ్ తీసి, ఒకే చోట పెట్టించి, తీయించి, మళ్లీ పెట్టించారు. ప్రతిసారీ అదే అంకె. "మాట మార్చట్లేదు. ఇదే" అన్నారు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, మైలవరం దాటాక నా చెవిలో అసలు సంగతి చెప్పారు. "దాని ఎర్ర అంకెలు నాకు కనపడ్డాయే!" నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజులు నొక్కుకుపోయాయి.

మర్నాడు పొద్దున్నే సున్నా సరిచూసి ఉంచాను. ఆవిడ తలస్నానం చేసి వచ్చి, యంత్రానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. కొట్టులోకి కొత్త కాటా వచ్చినా అంతే. తర్వాత నెమలి వాళ్ల నెగటివ్ పెట్టి కొలిచాం, లెక్కకట్టాం, వెలుగు ఇచ్చాం. ప్రింటు బొగ్గులా వచ్చింది. మునుపటికంటే అన్యాయం. నేను చెప్పకుండానే ఆవిడకు తెలిసిపోయింది. "దీని మొహం మండ! నా కళ్లకు తోడు దొరికింది" అని, మేకుకు వేలాడుతున్న తాళం చేతిలోకి తీసుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆగండి పిన్నిగారూ! ముందు ఖాళీ కాటా చూడాలన్నది మీరేనా, ఇంకెవరైనానా?" అని అరిచాను. ఫిలిం తీసేసి చెయ్యి దించాను. సున్నా రాలేదు. వంగి చూద్దును కదా, వెలుగు వచ్చే చిన్న రంధ్రంలో కుంకుమ! బొట్టు పెట్టినప్పుడు రాలి పడింది. వెలుగుకు అడ్డం పడి, ప్రతి చోటునూ ఉన్నదానికంటే చిక్కగా చూపించింది, దాన్ని నమ్మి మేం వెలుగు ఎక్కువసేపు ఇచ్చేశాం. చెప్పాను. ఆవిడ "ఓసి నీ ఇల్లు బంగారం కానూ, దీనికీ శుక్లం వచ్చిందటే!" అని కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు. కుంచెతో దులిపి, సున్నా చూసి, మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి గోడ నుంచి కోటు విడివడింది. నెమలి ఆయన ప్రింటు చేతిలోకి తీసుకుని, "మా నాన్న కోటుకి గుండీలున్నాయని ఇప్పుడే చూస్తున్నానండి" అన్నాడు. ఆ తాళం కింది అంతస్తులోని నూనె గోదాముకు వెళ్లిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు ఆ ఎర్ర అంకెలూ ఆవిడకు మసకైపోయాయి. అయినా గది మానలేదు. నేను అంకెలు పైకి చదివేదాన్ని. ఆవిడ కుర్చీలో కూర్చుని విని, ఇంతసేపు అనేవారు. వినీ వినీ, అంకెల్లోంచే మనిషిని చూడటం అలవాటైంది. ఒకసారి ఎవరిదో చెప్పకుండా ఒక నెగటివ్ చదివాను. "జుట్టు దగ్గర బాగా చిక్కగా ఉంది, ఒకటీ పాయింట్ రెండు."

"అయితే నెరిసిన తల."

"నోటి దగ్గర కూడా దాదాపు అంతే."

"పళ్లు. ముసల్ది పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఎవరే అంత సిగ్గులేనిది?" అని, నేను నవ్వు ఆపుకోలేకపోతుంటే, ఆగిపోయారు. "నేనా?"

ఆవిడకు తెలియకుండా నేను తీసిన ఫోటో అది. దాన్ని ఆవిడే ప్రింటు చేశారు. నేను అంకె చెప్పాను, వెలుగు ఆవిడ వేశారు, కాగితం ఆవిడే ముంచారు, ఆవిడే తీశారు. "చాలా బాగా వచ్చింది పిన్నిగారూ" అన్నాను. "నీ మెచ్చుకోలు ఎవరిక్కావాలి? అంకె చెప్పు" అన్నారు. ఆరాక యంత్రం కింద పెట్టి చదివాను. తెలుపు తెలుపుగా ఉంది, నలుపు నలుపుగా ఉంది. "అయితే బాగానే ఉన్నానన్నమాట" అని ఆ కాగితం మీద వేళ్లతో ఒకసారి తడిమారు. పోవడానికి వారం ముందు దాకా ఆవిడ ఆ గదిలో పని చేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ గది నేను నడుపుతున్నాను. ఒక్కదాన్నే ఉన్నా అంకెలు పైకే చదువుతాను. చదివి, కాసేపు ఆగుతాను. ఇంతసేపు అని లోపలి నుంచి ఒక మాట వస్తుంది. ఆ గొంతు నాదో ఆవిడదో నాకే తెలియదు. దాన్ని నమ్మి దీపం వేస్తాను.