జట్కా బాబా మియా విమానం లెక్క

జట్కా తోలేటోనికి విమానం సంగతి ఏం ఎరుకని నవ్వుతుండ్రు గదా, నవ్వుండ్రి. నేను గూడ నవ్విన. గా దినాలల్ల మక్తల్ బస్టాండు కాడ బాబా మియా అంటే తెల్వనోళ్లు లేకుండె. దుబాయికెల్లి వచ్చేటోళ్లు బస్సు దిగి ఆయన జట్కనే ఎక్కుతుండిరి. ఎక్కంగనే టికెట్ ఎంత పడ్డది, ఎన్నడు కొన్నవు అని అడుగుతుండె. జీతం ఎక్కువ చెప్పుకునేటోళ్లు గూడ టికెట్ ధర ఉన్నదున్నట్టు చెప్తుండిరి. రాసుకుందామంటే ఆయనకు చదువు రాదు. పన్నెండేండ్లు అడిగి అడిగి మనసులనే పెట్టుకున్నడు.

అంగడి నాడు పొద్దుగాల ఊర్లకెల్లి వచ్చేటోళ్లతోని బండి నిండుతది, మర్లి పోయేటప్పుడు ఖాళీ. ఉత్తగ పోయే బదులు సగం కిరాయికి ఎవర్నన్న ఎక్కించుకుంటడు. విమానం గూడ గంతే అంటుండె, ఖాళీగ పోయినా గుర్రానికి దాణా ఉన్నట్టే దానికి గూడ దాణా ఉంటది గదా అంటుండె. రంజాన్ పండుగ ముంగట అందరు ఇండ్లకొస్తరు, గప్పుడు ఇటుకెల్లి పోయే విమానం ఖాళీ, టికెట్ అగ్గువ. పండుగ కాంగనే అందరు ఒక్కసారే మర్లుతరు, ధర నెత్తికెక్కుతది. పోయేటోడు పండుగ ముంగటనే పోవాలె, టికెట్ నెల ముందే కొనుక్కోవాలె. గిదీ ఆయన లెక్క.

మా ఆయన పెద్దులు దుబాయిల గోడలు కడుతుండె. తొంభై నాలుగుల సెలవుకొచ్చిండు. మా బిడ్డ నాగులమ్మకు పుట్టుకతోనే కాలు వంకర. పాలమూరు దవాఖానల ఆపరేషన్ చేపిచ్చినం, మార్చి పదిహేనుకు కట్టు ఇప్పుతమన్నరు. బిడ్డ నడిచేది చూసినంకనే పోత అని ఈయన పట్టు. మార్చి ఇరవైకల్ల పనిల చేరకుంటే కంపిని వీసా తీసేస్తది. పోయే టికెట్ పైసలు మావే. పోయినసారి మార్చి పద్దెనిమిదికే పోయిన, అగ్గువకే దొరికింది, గిప్పుడు గూడ గా తారీఖుకే పోత అన్నడు.

బాబా మియా గుర్రానికి గడ్డేస్తనే అన్నడు, "పోయినసారి గా తారీఖుకు మేం ఉపాసమున్నం అల్లుడా. ఈసారి గా తారీఖుకు సేమియా తిని నాలుగు దినాలైతది."

రంజాన్ ఏడాదికి పది పదకొండు దినాలు ముంగటికి జరుగుతదంట. మేం గోడ మీది తారీఖులే చూసుకుంటిమి. పండుగైనంక టికెట్ దొరకదు, దొరికినా మీరు కొనలేరు, ఫిబ్రవరి నెలాఖరుకే పొమ్మన్నడు.

నాకు మండింది. "నీకేంది మామా, పిల్ల నీదైతే గిట్లనే అంటుంటివా?" అన్న.

ఆయన తలకాయ ఎత్తలే. "కాలు ఎట్లన్న నయమైతది బిడ్డా. నౌకరి పోతే మళ్ల రాదు" అన్నడు.

పెద్దులు ఫిబ్రవరి ఆఖరుకు పోయిండు. విమానంల మూడు సీట్ల మీద కాళ్లు సాపుకొని పండుకున్ననని ఉత్తరం రాసిండు. నేను బాబా మియాతోని మాట్లాడుడు బందు పెట్టిన. కట్టు ఇప్పిన నాడు బస్టాండు కాడ గప్చుప్‌గ జట్కా ఎక్కిన. మా ఇల్లు ఇంక పది అడుగులుందనంగ ఆయన బండి ఆపి నాగులును కిందికి దింపిండు. అది గోడ పట్టుకోకుంట గడప దాంక నడిచింది. ఆయన కిరాయి తీసుకోలే. పండుగైనంక పోదామని ఆగిన నారాయణపేట పిలగాడు టికెట్ దొరకక బొంబాయిల పదిదినాలు పడి ఉన్నడనీ, నౌకరి పోయిందనీ తర్వాత తెలిసింది. గప్పటికెల్లి మళ్ల మామా అన్న.

పెద్దులుకు మళ్ల సెలవు తొంభై ఆరుల. వచ్చేటోడు ఉల్టా, పండుగైనంక రావాలె, గప్పుడు అటుకెల్లి వచ్చే విమానం ఖాళీ. సెలవు రెండు నెలల ముందే అడుక్కోవాలె. గందుకే అంతకు ముందటి డిసెంబరుల బాబా మియా బిడ్డ వజీరాతోని ఉత్తరం రాయించిన. నాగులు ఉరుకుతాంది, నీకు సూపిస్తనని ఎగురుతాంది, ఫలానా తారీఖుకు టికెట్ కొను అని. ఆ తారీఖు మామనే ఏయించాలె. హైదరాబాదుకెల్లి చాంద్ నెలలు, గదే రంజాన్ తారీఖులున్న కొత్త క్యాలెండర్ తెప్పిస్త, వజీరాతోని సూపిచ్చి ఏయించి పోస్టు డబ్బాల ఏస్తనని ఉత్తరం అంగీ జేబుల పెట్టుకున్నడు.

బేస్తారం రాత్రి పండుకున్న మామ పొద్దుగాల లేవలే.

మూడోనాడు వజీరా అంగీ ఇచ్చింది. ఉత్తరం జేబుల అట్లనే ఉన్నది. తారీఖు కాడ జాగా ఇడిచిపెట్టి ఉన్నది.