కిట్టు వెతకని చోట

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానకాలంలో, పాథాలజిస్టుగా నన్ను మిర్యాలగూడ నుంచి సూర్యాపేట ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. చేరిన వారంలోనే మోతె ఊరి రైతు లింగయ్య ఒక రిపోర్టు తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు. అతని మూడేళ్ల కొడుక్కి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించకపోతే బతకడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దెబ్బతిన్న జన్యువులు కలిస్తే వచ్చే జబ్బది. కోదాడలో ఒక ప్రైవేటు ల్యాబు మాత్రం భార్య రేణుకలో మ్యుటేషన్, అంటే ఆ జన్యువులో మార్పు ఉందని, లింగయ్యలో లేదని రాసిచ్చింది.

"నా రక్తం మంచిగుందట మేడమ్. మరి గా పోరడు ఎవనికి పుట్టిండు?" అన్నాడు. నలుగురిలో ఆ మాటే అని, తల్లీబిడ్డలను పెద్దవూరలోని ఆమె పుట్టింటికి వెళ్లగొట్టాడట. ఆ నెల పిల్లవాడికి రక్తమే ఎక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముందు పోయి పిల్లగాణ్ణి తీస్కరా. తర్వాత మాట్లాడు" అని కసిరాను.

డీఎన్ఏ ఎ, జి, సి, టి అనే నాలుగక్షరాల రాత. అందులో ఒక్క అక్షరం మారితే పాయింట్ మ్యుటేషన్. ఎ, జి ఒక జట్టు. సి, టి ఒక జట్టు. జట్టులోపలి మార్పులే ఎక్కువ, జట్టు దాటేవి తక్కువ. చాలా మార్పులతో ఏ హానీ ఉండదు. కొన్ని ప్రొటీన్‌లో ఒక ముక్కను మారుస్తాయి. ఇంకొన్ని మధ్యలోనే 'ఆపు' సంకేతం పెట్టి తయారీనే నిలిపేస్తాయి. ఆ ల్యాబు వాడిన పరీక్ష కిట్టు మన దగ్గర తరచుగా కనబడే ఐదు మార్పులనే వెతుకుతుంది. ఆరోది ఉండకూడదా? ఐదే వెతికామన్న ఆ ఒక్క ముక్క రిపోర్టులో రాయడానికి వాళ్లకేం రోగం?

తల్లీబిడ్డలను తీసుకొచ్చాక లింగయ్య రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూశాను. ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. దెబ్బతిన్న జన్యువు ఒకటి మోసేవాళ్లలో ఇలాగే ఉంటాయి. అనుమానం బలపడి, తండ్రీకొడుకుల శాంపిళ్లు హైదరాబాద్ పంపి ఆ జన్యువు మొత్తం చదివించాను. సి ఉండాల్సిన చోట టి ఉంది, 'ఆపు' సంకేతం పడింది. కొడుకులోనూ అదే. ఎక్కడైనా మామూలుగా జరిగే రకం మార్పే, మన దగ్గర అరుదుగా కనబడే, ఆ కిట్టు వెతకని చోట జరిగింది.

"తప్పయింది మేడమ్" అన్నాడు లింగయ్య.

"నాకు కాదు. ఎవరి ముందు అన్నవో వాళ్ల ముందే చెప్పు" అన్నాను.

రక్తం ఎక్కుతున్న కొడుకు పక్కన కూర్చున్న రేణుక అతని వైపు చూడనైనా లేదు. "ఈయన జెప్పినా జెప్పకున్నా నాకేంది మేడమ్? పోయిన నెల పోరడు నడవలేకపోయిండు. గా నెల ఎవరు తెచ్చిస్తరు?" అంది.

రిటైరయ్యేదాకా, ఎక్కడెక్కడ వెతికామో రాయని రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేదు. వెతకని చోట లేదని చెప్పే హక్కు ఏ ల్యాబుకూ లేదు.