అడ్డాకుల నక్షత్రం

బస్సు తోలేవాడికి అడవి కనబడదు. మలుపు కనబడుతుంది, ఎదురొచ్చే లారీ కనబడుతుంది, రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదె కనబడుతుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ రోడ్డు మీద ఇరవై నాలుగేళ్లు బస్సు నడిపాను. ఆ దారిలో చెట్ల గురించి నాకు తెలిసింది ఒక్కటే: ఏ కొమ్మ నా బస్సు అద్దానికి తగులుతుందో.

నాకు కోపం ఎక్కువ. దాచుకోవడం రాదు. లంబసింగి దాటాక రోడ్డు పక్కన ఆడవాళ్లు అడ్డాకుల కట్టలతో నిలబడి ఉండేవారు. విస్తళ్లు కుట్టే ఆకులవి, కొండల్లో పెద్ద పెద్ద తీగలకు పెరుగుతాయి. ఒక్కో కట్ట బస్సు పైకి ఎక్కించేసరికి ఐదు నిమిషాలు. "బేగి ఎక్కండి! బేగి!" అని నేను వేసే కేకకు నిద్రపోయే పిల్లలు కూడా లేచి ఏడ్చేవారు. ఒకసారి ఎవరిదో కట్ట ఇంకా కిందే ఉండగా బండి లాగించేశాను. వెనక నుంచి తిట్లు వినబడ్డాయి. నేను అద్దంలో కూడా చూడలేదు.

ఊళ్లోకి దిగాక మా చర్చి మలుపు వస్తుంది. అక్కడ ఒక పొడుగు హారన్, రెండు పొట్టి హారన్లు కొట్టేవాడిని. మా ఇల్లు చర్చి వెనకే. అది వినగానే మా ఆవిడ ఎసరు పెట్టేది. నేను డిపోలో బస్సు అప్పజెప్పి నడుచుకుంటూ ఇంటికొచ్చేసరికి అన్నం వార్చేది. ఇరవై నాలుగేళ్లలో మా ఇద్దరి మధ్య దాన్ని మించిన ప్రేమలేఖ లేదు. మా డిపోలో అందరికీ ఆ హారన్ సంగతి తెలుసు, ఎగతాళి చేసేవారు కూడా.

యాభై ఒకటో ఏట ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఎడమ చెయ్యి పీకేసింది. విశాఖ తీసుకెళ్లి రెండు స్టెంట్లు వేశారు. ఇక స్టీరింగ్ పట్టకూడదన్నారు. డిపో గేటు దగ్గర కుర్చీ వేస్తాం, వచ్చే పోయే బస్సులు చూసుకో అన్నారు పెద్దసారు. పక్కవాడి బస్సుకు చెయ్యూపే పని నాకొద్దని కాగితం రాసిచ్చి ఇంటికి వచ్చేశాను. రోషం పౌరుషం బాగానే ఉన్నాయి, మర్నాడు పొద్దున ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

తరువాత ఆరు నెలలు మా ఇంట్లో నరకం. ఆ నరకం నేనే. కూరలో ఉప్పు తక్కువైందని, పాలవాడు ఆలస్యం చేశాడని, ఫ్యాన్ చప్పుడు చేస్తోందని అరిచేవాడిని. బకెట్ ముట్టుకుంటే మా ఆవిడ పరిగెత్తుకొచ్చి లాక్కునేది. సాయంత్రం ఆరు కాకముందే నా బస్సు, అదే బస్సు, ఇంకెవరో తోలుతుంటే చర్చి మలుపు దాటి వెళ్లిపోయేది. హారన్ ఉండేది కాదు. కుర్చీలో కూర్చుని ఆ ఇంజను చప్పుడు వినేవాడిని. గుండెపోటు రోజు పడ్డ నొప్పి దీని ముందు ఏపాటిది! నేను లేకపోయినా అన్నీ జరిగిపోతున్నాయని రోజూ సరిగ్గా అదే వేళకు నాకు తెలిసేది.

డాక్టరు నడవమన్నాడు. నడక కూడా డ్యూటీలాగే చేశాను. వాచీ చూసుకుంటూ జీడితోటల దాకా వెళ్లడం, కల్వర్టు మీద రెండు నిమిషాలు ఆగడం, తిరిగి రావడం. ఒకరోజు ఆ కల్వర్టు పక్క ముళ్లకంచెకు ఏదో కట్టలోంచి జారిన ఎండు అడ్డాకు ఒకటి చిక్కుకుని ఉంది. దాని వెనక సూర్యుడు. అరచెయ్యికి రెండింతలున్న ఆ ఆకు మొత్తం వెలుగుతోంది. ఈనెలు, ఈనెల మధ్య సన్న దారాలు, అన్నీ లెక్కగా కనబడుతున్నాయి. ఎన్ని వేల కట్టలు నా నెత్తి మీద మోసుకొచ్చానో, ఒక్క ఆకునీ చూడలేదు. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే కళ్లనీళ్లు కూడా వచ్చాయి.

దాన్ని ఇంటికి తెచ్చి కిటికీకి అడ్డం పెట్టాను.

"ఏటండీ, ఈది సెత్తంతా మోసుకొత్తన్నారు?" అంది మా ఆవిడ.

"ఇలా వచ్చి చూడు."

వచ్చి చూసింది. వేలితో ఒక ఈనె వెంట గీసింది. "బెల్లం పాకం రంగు," అంది చివరికి. ఆరు నెలల్లో మేమిద్దరం కలిసి చూసిన మొదటి వస్తువు అదే.

మా చర్చిలో డిసెంబరు మొదటి ఆదివారం సాయంత్రం గోపురానికి పెద్ద నక్షత్రం ఎత్తుతారు. ఆ నక్షత్రం ఏడాదికొక ఇంటి వంతు. మా తాతల కాలంలో వెదురు చీల్చి, రంగు కాగితం అంటించి చేసేవారట. ఇప్పుడందరూ విశాఖ వెళ్లి ప్లాస్టిక్‌ది కొనుక్కొస్తారు. ఆ ఏడు వంతు మాది. నేను అడ్డాకులతో చేస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, నోరు జారింది. అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

ఎనిమిదడుగుల నక్షత్రం. వెదురు బద్దలతో చట్రం కట్టాను. సంతలో పచ్చి ఆకు కట్టలు కొని, నిగనిగలాడుతున్నాయి కదా అని వాటినే చట్రం మీద పరిచి కుట్టేశాను. మూడు రోజుల్లో పని పూర్తి. లోపల వేడెక్కని చిన్న బల్బులు పెట్టాను. ఎత్తినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఐదో రోజుకు ఆకులు ఎండి ముడుచుకున్నాయి. కుట్లు చిరిగి సందులు పడ్డాయి, బద్దలు మెలికలు తిరిగాయి. రెండో ఆదివారానికి గోపురం మీద ఈకలు పీకిన కోడి వేలాడుతోంది. పిల్లలు దానికి కోడి అనే పేరు పెట్టారు. పెద్దలు మాట్లాడుకుని మర్యాదగా దించేసి ప్లాస్టిక్‌ది కట్టారు. నేను ఆ క్రిస్మస్‌కు చర్చికి వెళ్లలేదు.

చట్రం పెరట్లో పారేశాను. మా ఆవిడ దాన్ని నిలబెట్టి చిక్కుడు పాదు పాకించింది. నేను చూసి మండిపడ్డాను. "మీ కోడి గుడ్లు పెట్టకపోయినా నా పాదు కాయలు కాత్తాది, ఊరుకోండి," అంది. తీగ ఒక్కో బద్దనీ వెతుక్కుంటూ, పట్టు దొరికిన చోట చుట్టుకుంటూ, నెమ్మదిగా ఐదు కొమ్ములూ ఎక్కేసింది. రోజూ పొద్దున కాఫీ పట్టుకుని దాన్ని చూసేవాడిని. నేను మూడు రోజుల్లో చేసిన పని అది మూడు నెలలు చేసింది. చట్రం నాది, నిలబెట్టింది అది.

తీగ ఇంకా పాకుతుండగానే, సంక్రాంతి వెళ్లాక సంతకు పోయాను. అక్కడ ఒక మూల గోనెపట్టా మీద కూర్చుని విస్తళ్లు కుట్టే మామ్మ ఒకామె ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి. వెళ్లి, ఆకు ముడుచుకోకుండా ఎలా కుట్టాలని అడిగాను. ఆమె తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఆ కేకల డ్రైవరు బాబువి కాదేటి?"

"అవును మామ్మా."

"ఒకపాలి నా కట్ట కిందుండగానే బండి పట్టుకెల్లిపోనావు. మరి గేపకం ఉందా?"

జ్ఞాపకం ఉంది. క్షమించమన్నాను. యాభై దాటిన మగవాడు సంత మధ్యలో క్షమించమనడం అంత తేలిక కాదు, అయినా అన్నాను. ఆమె పక్కనున్న ఎండాకుల కట్ట నా ముందుకు తోసింది.

"పచ్చాకు కుడితే ముడుసుకోదేటి? ముందు ఎండాల. ఎండినాక నీల్లు సల్లి గోనె కప్పాల. మెత్తబడ్డాక అప్పుడు కుట్టాల. బేగి బేగి అంటే ఆకు ఇనదు బాబూ, జనం ఇంటారు గానీ."

నూరు విస్తళ్లు కుట్టి చూపిస్తే మిగతాది చెబుతానంది. స్టీరింగ్ పట్టిన వేళ్లకు ఆకులు కుట్టే పుల్లను అంత సన్నగా చీల్చడం రాలేదు. మొదటి పాతిక విస్తళ్లలో పప్పు వడ్డిస్తే చాప దాకా వచ్చేది. మా ఆవిడ వాటిలోనే నాకు అన్నం పెట్టి నవ్వేది. నూరోది తీసుకెళ్తే మామ్మ వేలితో తడిమి, "పరవాలేదు, కుక్కకెయ్యొచ్చు," అంది. అంతకు మించిన మెప్పు నాకు డిపోలో ఎప్పుడూ దొరకలేదు.

తరువాత ఆకు కోతకు తనతో రమ్మంది. నేను నడిపిన బస్సులో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఘాట్ మొదలైంది. అడవి అంత దగ్గరగా ఎప్పటినుంచి ఉందో! పొగమంచులోంచి ఒక్కో చెట్టు విడిగా బయటకు వస్తోంది. ఎక్కడో తెల్లపూలు, ఎక్కడో రాతి మీద నుంచి సన్నటి నీటిధార. నూటికి నూరు మలుపులూ నాకు కంఠతా వచ్చు, వాటి మధ్య ఏముందో మాత్రం ఇప్పుడే చూస్తున్నాను.

కోత అయ్యాక తిరుగు బస్సుకు ఆడవాళ్లు కట్టలు ఎక్కిస్తుంటే, నా చోట్లోకి వచ్చిన కొత్త డ్రైవరు తల బయటపెట్టి "బేగి! బేగి!" అని అరిచాడు. నేను ఒక కట్ట ఇవతలి కొస పట్టుకుని ఉన్నాను. "ఆగవోయ్! కొండేమైనా పారిపోతుందా?" అని అంతకన్నా గట్టిగా అరిచాను. బస్సులో తలలన్నీ నావైపు తిరిగాయి. తరువాత మామ్మ నవ్విన నవ్వుకు కండక్టరు కూడా నవ్వేశాడు. డ్రైవరు నన్ను గుర్తుపట్టి, "గురువుగారూ, మీరా?" అని నాలుక కరుచుకున్నాడు.

ఆరోజు ఏటవాలు కొండ ఎక్కి దిగానని, మధ్యలో ఎక్కడా గుండె గుర్తు రాలేదని ఇంటికొచ్చాకగానీ తెలియలేదు.

అక్టోబరులో చర్చి పెద్దల ముందు నిలబడి, ఈ ఏడు కూడా నక్షత్రం నాకే ఇమ్మన్నాను. వంతు ఇంకొకరిది. "మళ్లీ కోడిని ఎగరేస్తారా?" అన్నారొకరు. అందరూ నవ్వారు. పాత నేనైతే లేచి వచ్చేసేవాడిని. "వారం ముందు తెచ్చి చూపిస్తాను. నచ్చకపోతే పొయ్యిలో పెట్టెయ్యండి," అన్నాను. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, సరేనన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఇదీ పోతే నేను మళ్లీ ఆ కుర్చీలోకే వెళ్లిపోతానని, ఈసారి లేవనని ఇద్దరికీ తెలుసు.

పాత చట్రం అడిగితే, "నా పాదు జోలికి రాకండి," అంది. కొత్తది కట్టాను. రోజుకు ఒక జానెడు మేర మాత్రమే కుట్టాను. పెంకుల మీద పెంకు వేసినట్టు ఆకు మీద ఆకు. కుట్టింది ఎండనిచ్చి, బిగుతు చూసుకుని, మర్నాడు ఇంకో జానెడు. మామ్మ వారానికోసారి వచ్చి, నచ్చని చోట మాట్లాడకుండా విప్పేసేది. నేను కూడా మాట్లాడకుండా మళ్లీ కుట్టేవాడిని. మా ఆవిడ అది చూసి, ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో తనకు దక్కని అదృష్టమంది.

పెద్దలు వచ్చి చూశారు. చేతులతో నొక్కి చూశారు, వంచి చూశారు. కోడి అన్న పెద్దమనిషే, "పొయ్యి సంగతి మరిచిపోండి," అన్నాడు.

ఇప్పుడు రోలుగుంట వాళ్లు, కృష్ణదేవిపేట వాళ్లు కూడా నక్షత్రాలు కావాలంటున్నారు. మామ్మ, నేను, మరో నలుగురు ఆడవాళ్లు జూన్ నుంచే మా పెరట్లో కూర్చుంటాం. నా కేక ఇప్పటికీ వీధి చివరికి వినబడుతుంది, కాకపోతే పచ్చాకు ముట్టుకున్న వాళ్ల మీద. అయినా ఎన్ని చేసినా ఆ రెండో నక్షత్రం ఎత్తిన సాయంత్రం మళ్లీ రాదు.

డిసెంబరు మొదటి ఆదివారం. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. గోపురం మీదికి తాడు వేశారు. "తాడు ముట్టుకోవద్దు," అంది మా ఆవిడ. ముట్టుకోలేదు. నక్షత్రం గాలికి తిరగకుండా కింద కట్టే తోక తాడు మాత్రం పట్టుకున్నాను. పదిమంది లాగుతుంటే అది లేచింది. గాలి దాన్ని ఎడమకు తోసింది, నేను కొద్దిగా వదిలి, కొద్దిగా లాగాను. ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ తిప్పినట్టే నా చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. పైన నిలబడ్డాక ఎవరో స్విచ్ వేశారు.

బెల్లం పాకం రంగు వెలుగు. ప్రతి ఈనె, ప్రతి పుల్ల కుట్టు కింద దాకా కనబడుతోంది. చప్పట్లు లేవు. ఎత్తిన తల ఎవరూ దించలేదు. గేటు దగ్గర నిలబడ్డ మామ్మ తలెత్తి చూసి, "ఆ మూల కుట్టు వొదులైంది," అంది, పైటకొంగుతో కళ్లు తుడుచుకుంటూ. నేను గెలిచాను. ఇంకేమీ పెద్దగా అనను, గెలిచాను.

అప్పుడే కొండ మీంచి బస్సు వచ్చింది. చర్చి మలుపు దగ్గర మెల్లగా అయింది, దాదాపు ఆగింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చి పైకి చూస్తున్నాయి. కొత్త డ్రైవరు హారన్ మీద చెయ్యి వేశాడు. ఒక పొడుగు. రెండు పొట్టి.

నా పక్కన నిలబడ్డ మా ఆవిడ ఒక్కసారి ఉలిక్కిపడి ఇంటివైపు తిరిగింది. "ఎసరు పెట్టేత్తాను," అంటూ నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి చూసింది. "అదేటి, మీరు ఇక్కడే ఉన్నారు కదా!"

"పెట్టు," అన్నాను. "వచ్చేశాను."